బానెట్ కింద పాత గమ్, పెట్రోల్ గుడ్డ: అపోహలు - వాస్తవాలు

పోయిన దసరాకు ముందు మిర్యాలగూడ వైపు నుంచి ఒక అబ్బాయి నల్గొండలోని మా షెడ్డుకు అంబాసిడర్ తీసుకొచ్చాడు. రిటైరైన టీచర్ అయిన వాళ్ళ నాన్న ఇష్టపడి కొనుక్కున్న డీజిల్ బండి అది. శబ్దం తగ్గాలని ఎప్పుడో బానెట్ లోపలి వైపున, ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ సీట్లకూ మధ్య ఉండే రేకు గోడ) మీద నల్లటి ఫెల్ట్ (మందపాటి ఉన్ని లాంటి గుడ్డ) అంటించారు. ఏళ్ళు గడిచేసరికి ఫెల్ట్ పొడిపొడిగా రాలిపోయి గమ్ మాత్రం మిగిలింది. అబ్బాయి అర లీటరు పెట్రోల్, పాత లుంగీ ముక్క పట్టుకుని పూటంతా రుద్దాడు. గమ్ సగమే వదిలింది. మిగతాది పలచబడి వైరింగ్ మీదకు కారింది. కింది పెయింట్ మెరుపు పోయి మచ్చలు పడింది.

"అన్నా, బండి ఖరాబైనట్టేనా? నాన్నకు ఇంకా చెప్పలేదు" అన్నాడు. గొంతులో వణుకు తెలుస్తోంది.

బండికేమీ కాలేదు తమ్మీ, నీకేమీ కాలేదు, అదే ముఖ్యం అన్నాను. పాత బండి ఇంట్లో ఉన్నవాళ్ళలో నెలకు ఒకరైనా ఇదే పని చేసి వస్తున్నారు. అందుకే రాస్తున్నాను.

అపోహ: పెట్రోల్‌లో ముంచిన గుడ్డతో తుడిస్తే గమ్ పోతుంది. ఎలాగూ ఇంజన్‌లో తిరిగేది పెట్రోలే కదా, భయమెందుకు?

ఇంజన్‌లో తిరిగే పెట్రోల్ పైపులో, కార్బురేటర్‌లో మూసి ఉంటుంది. గుడ్డ మీదిది గాలికి తెరిచి ఉంటుంది. ఈ ఒక్క తేడా వల్లే మంటలు అంటుకుంటున్నాయి.

పెట్రోల్ సున్నాకు 40 డిగ్రీల కింద కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది. మన దగ్గర ఏ రోజైనా, ఏ వేళైనా ఆ ఆవిరి సిద్ధంగానే ఉంటుంది. గాలిలో ఒకటిన్నర శాతం ఉన్నా అంటుకోవడానికి చాలు. ఆ ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు, పైకి పోదు. బండి కిందికి దిగి, నేల వెంట పాకి, గడప దాటి ఇంట్లోకి కూడా వెళ్తుంది. మీరు బ్యాటరీ వైరు తీసేసినా, అవతల వంటింట్లో గ్యాస్ పొయ్యి వెలుగుతుంటే అది చాలు. "బయటే చేశాను, వాసన కూడా రాలేదు" అని చాలామంది ధీమాగా చెప్తారు. ముక్కు ఉండేది పైన, ఆవిరి ఉండేది కింద.

నేను పని నేర్చుకునే రోజుల్లో మా ఉస్తాద్ దగ్గర ఇంకో కుర్రాడు ఉండేవాడు. ఒక జీపు ఫైర్‌వాల్ మీది తారు పెట్రోల్‌తో కడుగుతున్నాడు. బండి అవతలి వైపు ఇంకొకతను, ఇతను ఏం చేస్తున్నాడో చూసుకోకుండా, బ్యాటరీ టెర్మినల్ బిగించాడు. చిన్న నిప్పురవ్వ. భుగ్గుమన్న శబ్దం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఉస్తాద్ ఇసుక బకెట్ విసిరి మంట ఆర్పారు. కుర్రాడి రెండు చేతులూ కాలి, వారాల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. తిరిగొచ్చాక స్పానర్ సరిగ్గా పట్టుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజు నుంచి మా షెడ్డులో శుభ్రం చేసే పనికి పెట్రోల్ అన్న మాటే లేదు. పైగా పెట్రోల్‌లో ఒక శాతం దాకా బెంజీన్ ఉండవచ్చు, అది క్యాన్సర్ కారకం. రోజంతా ఉత్త చేతులతో రుద్దే పని కాదది.

మరి ఏం వాడాలి? ముందు అది ఏ గమ్మో తెలుసుకోవాలి. పెయింట్ షాపులో దొరికే టర్పెంటైన్‌లో తెల్ల గుడ్డ తడిపి, ఒక మూలన పది నిమిషాలు ఒత్తి పెట్టండి. గుడ్డ మీద ముదురు గోధుమ రంగు మరక దిగితే అది తారు జాతి. రంగు దిగకుండా మెత్తబడి, రుద్దితే ఉండలుగా చుట్టుకుంటే అది సీట్ల షాపువాళ్ళు వాడే పసుపు రబ్బరు గమ్.

తారును వేడి చేయకండి, సాగి ఇంకా పరుచుకుంటుంది. డిసెంబర్, జనవరి నెలల్లో పొద్దున్నే, లోహం చల్లగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ స్క్రేపర్‌తో తడితే పెచ్చులుగా ఊడొస్తుంది. మిగిలిన పొరకు టర్పెంటైన్ గుడ్డ వేసి పావుగంట ఆగాలి. పసుపు గమ్‌కు ఉల్టా: హెయిర్ డ్రయర్‌తో అరచేయంత జాగా వేడి చేసి, మెత్తబడగానే పాత ఏటీఎం కార్డు అంచుతో ఎత్తాలి. వేడి ఎప్పుడూ ముందు. టర్పెంటైన్ తగిలాక హెయిర్ డ్రయర్ పట్టుకోవద్దు, ఈ వరుస తప్పొద్దు.

టర్పెంటైన్, కిరోసిన్ పెట్రోల్ అంత ప్రమాదం కాదు నిజమే. కానీ కిరోసిన్‌కు ఫ్లాష్ పాయింట్ (అంటుకునేంత ఆవిరి వదలడం మొదలయ్యే వేడి) కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలు, టర్పెంటైన్ కూడా దాదాపు అంతే. మన నల్గొండ, మహబూబ్‌నగర్‌లో మే నెలలో నీడలోనే 43, 44 డిగ్రీల దాకా పోతుంది. ఎండలో నిలబెట్టిన బానెట్ రేకు అంతకన్నా ఎక్కువ. అంటే చలికాలంలో భయం తక్కువున్న కిరోసిన్ కూడా ఎండాకాలం మధ్యాహ్నం అంటుకునేంత ఆవిరి వదులుతుంది. పొద్దున పూట, నీడలో, ఇంజన్ పూర్తిగా చల్లారాక, బ్యాటరీ మైనస్ వైరు ముందు తీసి పక్కన కట్టేశాకే మొదలుపెట్టండి. పని అయ్యాక వాసన పూర్తిగా పోయేదాకా బ్యాటరీ కలపొద్దు. తడి గుడ్డలు మూత ఉన్న రేకు డబ్బాలో, ఇంటి బయట.

అపోహ: థిన్నర్ ఇంకా పవర్‌ఫుల్, అది వాడితే సరి.

గమ్ కన్నా ముందు పెయింట్ పోతుంది. పాత బండ్ల మీద ఎక్కువగా ఉండే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ థిన్నర్‌లోనే కరుగుతుంది. కనిపించని మూలన ఒక చుక్క వేసి తెల్ల గుడ్డతో తుడవండి, రంగు వస్తే అక్కడే ఆపేయండి. థిన్నర్ కూడా పెట్రోల్‌లాగే అంటుకుంటుంది.

అపోహ: బ్రేక్ ఆయిల్ పూస్తే జిగురు కరుగుతుంది.

పెయింట్ కరుగుతుంది. పొరపాటున చుక్క పడినా వెంటనే నీళ్ళతో కడిగేయండి.

అపోహ: పల్లి నూనె ముసలమ్మల చిట్కా, పనిచేయదు.

ఇది పనిచేస్తుంది. స్టికర్ గమ్‌కు, డబుల్ టేప్ మరకకు రాత్రి పూసి పొద్దున తుడిస్తే చాలు, పెయింట్‌కు ఏమీ కాదు. తర్వాత గిన్నెలు తోమే సబ్బు నీళ్ళతో జిడ్డు తీసేయాలి. తారుకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు.

అపోహ: గ్రైండర్‌కు వైర్ బ్రష్ పెడితే పది నిమిషాల పని.

పది నిమిషాల్లో పెయింట్, ప్రైమర్ లేచిపోతాయి, వానాకాలం దాటేలోపు తుప్పు పడుతుంది. ఇంకో సంగతి. పాత ఫెల్ట్‌లో, ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ (దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే నార) ఉందో లేదో కంటితో చెప్పలేం. నీళ్ళు చల్లి, తడిగానే, మాస్క్ పెట్టుకుని తీయండి. దుమ్ము లేపొద్దు.

అపోహ: ప్రెషర్ వాష్ కొట్టిస్తే అన్నీ పోతాయి.

గమ్ పోదు. పెట్రోల్ బండైతే డిస్ట్రిబ్యూటర్‌లోకి (ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బా) నీళ్ళు పోతాయి, బండి స్టార్ట్ కాదు. మళ్ళీ నా దగ్గరికే వస్తారు.

అపోహ: నంబర్ ప్లేట్ మీది గమ్ కూడా గీకేయొచ్చు.

బయటి నంబర్ ప్లేట్ సంగతి కాదు, బానెట్ కింద ఉండే రేకు ప్లేటు, చాసిస్ నంబర్ చెక్కిన చోటు. 15 ఏళ్ళు దాటిన బండికి ఆర్సీ రెన్యూవల్‌కు పోతే చాసిస్ నంబర్ చూస్తారు. అక్షరం అరిగి ఉంటే తిప్పలే. 50 ఏళ్ళు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవడానికి 2021లో కేంద్రం రూల్స్ తెచ్చింది, అక్కడా బండి అసలు రూపంలో ఉండాలి. ఆ చోట స్క్రేపర్ కూడా వద్దు. టర్పెంటైన్ గుడ్డ, పాత పళ్ళ బ్రష్, అంతే.

ఆ అబ్బాయి బండికి మూడు ఆదివారాలు పట్టింది. వైరింగ్ మీద కారిన గమ్‌ను పల్లి నూనెతో ఒక్కో వైరు పట్టుకుని తుడిచాం. పెయింట్ మచ్చలు మొత్తంగా పోలేదు, కొన్ని చోట్ల టచప్ చేయాల్సి వచ్చింది. మూడో ఆదివారం వాళ్ళ నాన్నగారు కూడా వచ్చారు. బానెట్ ఎత్తి ప్లేటు మీది నంబర్ వేలితో తడుముతూ పైకి చదివారు. కొడుకు అప్పుడే ఆయనకు పెట్రోల్ సంగతి చెప్పాడు.