వాళ్లు తమను తాము ఏమని పిలుచుకుంటారు?

నానీకి, చిట్టికి,

అమ్మమ్మ ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. క్విజ్ కోసం రాసుకున్న పట్టిక కూడా చూశాను. ఎడమవైపు దేశం, కుడివైపు అక్కడి ప్రజలు. జపాన్ అంటే జపనీయులు, రష్యా అంటే రష్యన్లు అంటూ చకచకా నింపుకుంటూ వచ్చి బోట్స్వానా దగ్గర ఆగిపోయారు. "బోట్స్వానీయులా, బోట్స్వానన్లా? అసలు ఏ దేశం పేరుకైనా చివర 'వాళ్లు' అని తగిలిస్తే సరిపోదా అమ్మమ్మా?" అని చిట్టి అడిగింది. ఫోన్లో చెబితే రెండు నిమిషాల్లో అయిపోయేది. కానీ ఈ ప్రశ్నతో నాకు చాలా ఏళ్ల అనుబంధం ఉంది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను పత్రికలో పనిచేసిన రోజుల్లో విదేశీ వార్తలను తెలుగు చేయడం నా పని. ఇంగ్లీషులో వచ్చిన వార్తను గబగబా తిప్పి రాసి పేజీకి పంపాలి. అంత హడావిడిలోనూ ప్రతిరోజూ ఎక్కడో ఒకచోట చెయ్యి ఆగేది. ఆగింది ఎక్కువగా ఇలాంటి మాట దగ్గరే: ఈ మనుషుల్ని ఏమని రాయాలి?

ముందు మీ బోట్స్వానా సంగతి. మన భాషలో మాటకు చివర ఏదో ఒకటి చేరుస్తాం: వాడు, వాళ్లు, ఈయులు. వాళ్ల సెత్స్వానా భాషలో ముందు చేరుస్తారు. ఒక్క మనిషైతే మోత్స్వానా. చాలామంది అయితే బాత్స్వానా. వాళ్ల భాష సెత్స్వానా. వాళ్ల నేల బోత్స్వానా, అదే మనం బోట్స్వానా అంటున్న దేశం. మధ్యలో 'త్స్వానా' కదలకుండా ఉంటుంది, ముందున్న అక్షరమే మనిషినా, మందినా, మాటనా, మట్టినా అన్నది చెబుతుంది. బ్రిటిష్‌వాళ్లు ఏలినప్పుడు ఆ దేశానికి బెచువానాలాండ్ అని పేరు. 1966 సెప్టెంబర్ 30న స్వతంత్రం రాగానే తమ నోటికి తగ్గట్టు బోట్స్వానా అని పెట్టుకున్నారు. నాలుగు రోజుల తర్వాత, అక్టోబర్ 4న, బసుటోలాండ్ కూడా స్వతంత్రమై లెసోతో అయింది. అక్కడా అంతే: ఒకరు మొసోతో, పదిమంది బసోతో, భాష సెసోతో. కాబట్టి మీ పట్టికలో బాత్స్వానా, బసోతో అని రాసుకోండి.

ఇక చిట్టి ప్రశ్న. 'వాళ్లు' అని తగిలిస్తే తప్పేం కాదు. బోట్స్వానా వాళ్లు, చైనా వాళ్లు అనడం మర్యాదైన మాటే. ఏ పదం సరైనదో తెలియనప్పుడు నేనూ అలాగే రాసేదాన్ని. కానీ ఆ మాట వాళ్లు ఎక్కడివాళ్లో చెబుతుంది, అంతే. వాళ్లు తమను తాము ఏమనుకుంటున్నారో చెప్పదు.

ఒక జాతికి రెండు పేర్లుండటం చాలా మామూలు. ఒకటి ఇంట్లో పిలుచుకునేది, ఒకటి పక్కవాళ్లు పెట్టింది. ఇంట్లో పేర్లకు చాలాచోట్ల అర్థం 'మనుషులు' లేదా 'మనవాళ్లు' అని ఉంటుంది. పక్కవాళ్లు పెట్టిన పేరుకు 'పరాయివాళ్లు', 'మాట రానివాళ్లు' లాంటి అర్థాలు వస్తుంటాయి. బ్రిటన్‌లోని వేల్స్ సంగతి వింటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అక్కడివాళ్లను పిలిచే 'వెల్ష్' అన్న మాట, ఇంగ్లీషుకు మూలమైన పాత జర్మానిక్ భాషల్లో పరాయివాళ్లు అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. వాళ్లేమో ఆ నేల మీద ఇంగ్లీషువాళ్ల పూర్వీకులకంటే ముందునుంచీ ఉన్నవాళ్లు. తర్వాత వచ్చినవాళ్లు ముందున్నవాళ్లను పరాయివాళ్లన్నారన్నమాట! తమలో తాము మాత్రం వాళ్లు కమ్రీ అని పిలుచుకుంటారు. అంటే ఒకే నేలవాళ్లు, తోటివాళ్లు అని.

జర్మన్లు తమను డోయిచ్ అనుకుంటారు, ఆ మాటకు మూలార్థం 'జనానిది'. పోలండ్ వాళ్లు, చెక్ వాళ్లు వాళ్లను పిలిచే మాటకు మూలం 'మూగవాళ్లు' అన్న పదం. తమకు అర్థమయ్యే మాట మాట్లాడలేరు కాబట్టి మూగవాళ్లన్నమాట. ఫ్రెంచివాళ్లు అలమాని అనే ఒక తెగ పేరుతో మొత్తం దేశాన్నీ పిలుస్తారు, ఫిన్లండ్ వాళ్లు సాక్సన్ తెగ పేరుతో పిలుస్తారు. హంగరీ వాళ్లు తమను మాజర్లంటారు, గ్రీకులు హెలీన్లంటారు, ఆర్మేనియా వాళ్లు హాయ్ అంటారు. మన సింధు నది పేరే పర్షియన్ల నోట్లో హింద్ అయి, గ్రీకుల నోట్లో ఇండోస్ అయి, చివరికి ఇండియాగా తిరిగొచ్చింది.

ఇప్పుడు మీకు ఒక అనుమానం రావాలి. అయితే జర్మన్లు అని రాయడం మానేసి డోయిచ్ అని రాయాలా? అక్కర్లేదు. 'జర్మన్' అంటే వాళ్లు నొచ్చుకోరు, మానమని ఎవరినీ అడగలేదు. ప్రతి భాషకూ తన అలవాట్లుంటాయి. నేను చూసుకునేవి రెండే: ఆ పేరు వాళ్లను బాధపెడుతోందా, మార్చమని వాళ్లు అడిగారా.

ఈ రెండూ చూసుకోకుండా నేను చేసిన తప్పొకటి ఉంది. పిల్లల పేజీలో మంచుదేశాల గురించి ఒక వ్యాసం రాశాను. అందులో మొదటినుంచి చివరిదాకా 'ఎస్కిమోలు' అనే రాశాను. చిన్నప్పుడు నేను చదువుకున్న మాట అదే మరి. కొన్నాళ్లకు ఒక పాఠకురాలు కార్డు రాశారు. ఆ మాటను అక్కడివాళ్లు చాలామంది అవమానంగా భావిస్తారని, 1977లో అలాస్కా, కెనడా, గ్రీన్‌లాండ్ వాళ్లంతా కలిసి సంఘం పెట్టుకున్నప్పుడు 'ఇన్యూట్' అన్న తమ మాటనే పేరుగా తీసుకున్నారని అందులో ఉంది. ఆ కార్డు చదివి సిగ్గుపడ్డాను. నా వ్యాసం చదివిన పిల్లలంతా ఆ మాటనే నేర్చుకుని ఉంటారు కదా. తర్వాత ఇంకొంచెం చదివితే తెలిసింది, ఇన్యూట్ అంటే 'మనుషులు' అని. ఒకరైతే ఇనుక్, ఇద్దరైతే ఇనూక్, ఇద్దరు దాటితే ఇన్యూట్. సంస్కృతంలోలాగా వాళ్లకూ ద్వివచనం ఉంది! అక్కడితో ఆగినా నా తప్పు పూర్తిగా సరికాదు. ఎందుకంటే అలాస్కాలోని యూపిక్ ప్రజలు ఇన్యూట్ కారు. వాళ్ల భాష వేరు, పేరు వేరు. ఎస్కిమో కొట్టేసి అన్నిచోట్లా ఇన్యూట్ అని పెడితే ఒక తప్పు దిద్ది ఇంకో తప్పు చేసినట్టే.

పేరు మార్చుకోవడం వెనక ఎంత ఆలోచన ఉంటుందో తెలియాలంటే బుర్కినా ఫాసో చూడండి. ఫ్రెంచివాళ్లు పశ్చిమాఫ్రికాలో ఒక నది పేరు మీద ఆ దేశానికి అప్పర్ వోల్టా అని పెట్టారు. నదికి ఎగువన ఉన్నవాళ్లు అన్నంత మాత్రమే ఆ పేరులో ఉంది. 1984 ఆగస్టు 4న థామస్ సంకారా ప్రభుత్వం పేరు మార్చింది. దేశంలో చాలా భాషలున్నాయి, ఏ ఒక్క భాషలో పెట్టినా మిగతావాళ్లు చిన్నబోతారు. అందుకని మోరే భాషలోంచి నిజాయితీగా తలెత్తుకు నిలిచినవాళ్లు అనే అర్థమున్న 'బుర్కినా' తీసుకున్నారు. జులా భాషలోంచి తండ్రుల నేల అనే అర్థమున్న 'ఫాసో' తీసుకున్నారు. మరి ప్రజల్ని ఏమనాలి? దానికి మూడో భాష, ఫుల్‌ఫుల్దేలోంచి మనుషులను సూచించే 'బే' తీసుకుని 'బుర్కినాబే' అన్నారు. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా, ఒకరికైనా కోటిమందికైనా అదే మాట. నాకు తెలిసిన పేర్లన్నిటిలో దీనంత ఇష్టమైనది ఇంకోటి లేదు. మీ పట్టికలో 'బుర్కినా ఫాసోవాసులు' అని ఉంది, అది కొట్టేసి ఇది రాయండి.

అన్నిచోట్లా ఇంత చక్కగా కుదరదు. బంగ్లాదేశ్ తీసుకోండి. తమ భాష కోసం 1952లో ప్రాణాలిచ్చి, 1971లో స్వతంత్రం తెచ్చుకున్న దేశం. 1972లో రాజ్యాంగం రాసుకుంటూ, ఈ దేశ పౌరులను బెంగాలీలు అంటారని రాశారు. ఆ భాష కోసం అంత బాధ పడ్డవాళ్లు అలా రాసుకోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ చిట్టగాంగ్ కొండల్లో చాక్మాలు, మర్మాలు, త్రిపురాలు ఉన్నారు. వాళ్ల భాషలు వేరు. ఆ కొండల నుంచి ఎన్నికైన మానబేంద్ర నారాయణ్ లార్మా సభలోనే లేచి అభ్యంతరం చెప్పారు. నేను బంగ్లాదేశ్ పౌరుణ్నే, కానీ చాక్మాను, బెంగాలీని కాను అన్నది ఆయన వాదన. ఆ ఒక్క మాటతో, తను పుట్టిన దేశంలో తనకంటూ పేరు లేకుండా పోతుందని ఆయనకు అర్థమైంది. ఆ దశాబ్దం చివర్లో పౌరులందరూ 'బంగ్లాదేశీలు' అని మార్చారు. 2011లో మళ్లీ సవరించి, జాతిగా బెంగాలీలు, పౌరులుగా బంగ్లాదేశీలు అని రెండూ రాశారు. చాక్మాలకు ఆ మొదటి సగం ఇప్పటికీ గుచ్చుకునేదే. ఇటు చూస్తే కోల్‌కతాలో ఉన్నవాళ్లూ బెంగాలీలే, వాళ్లు బంగ్లాదేశీలు కారు. అందుకే దేశం పేరుకూ జాతి పేరుకూ తేడా ఉందని మీరు గుర్తుంచుకోవాలి.

రష్యన్ భాషలో దీనికి రెండు వేర్వేరు మాటలున్నాయి. రూస్కీ అంటే జాతిపరంగా రష్యన్. రసియానిన్ అంటే రష్యా పౌరుడు. రష్యాలోని కజాన్ నగరంలో ఉండే తాతార్ జాతి మనిషి రెండోదే, మొదటిది కాదు. మనం రెంటినీ 'రష్యన్' అనేస్తాం. నానీ, నీ పట్టికలో బ్రిటన్ ఎదురుగా 'ఇంగ్లీషువాళ్లు' అని రాశావు చూడు, అదీ ఇలాంటిదే. స్కాట్లండ్ మనిషి బ్రిటిష్ కావచ్చు, ఇంగ్లీషు కాదు. దిద్దుకో. అలాగే 'అఫ్గానీ' అన్నది అక్కడి డబ్బు పేరు. మనుషులను అఫ్గాన్లు అనాలి. నైజర్, నైజీరియా రెండు వేర్వేరు దేశాలు, రాసేటప్పుడు కలిపేయకండి.

పరాయివాళ్లు పెట్టిన పేరే అయినా, దాన్ని తమదిగా చేసుకున్నవాళ్లూ ఉన్నారు. ఫిలిప్పీన్స్‌కు ఆ పేరు స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ మీద పెట్టారు. మొదట్లో ఫిలిపినో అంటే ఆ దీవుల్లో పుట్టిన స్పెయిన్ సంతతివాళ్లు మాత్రమే. అసలు స్థానికులను 'ఇండియో' అనేవాళ్లు, 1492లో కొలంబస్ తాను ఇండియా చేరాననుకున్న పొరపాటు అంత దూరం పాకింది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఆ దీవుల చదువుకున్న యువకులు ఫిలిపినో అన్న మాటను తమకోసం తీసుకున్నారు. ఈ రోజు ఆ మాట ఎవరిదంటే వాళ్లదే.

ఉత్తర ఐర్లండ్‌లో అయితే 1998 శాంతి ఒప్పందంలోనే రాసుకున్నారు: అక్కడ పుట్టినవాళ్లు తమను ఐరిష్ అనుకోవచ్చు, బ్రిటిష్ అనుకోవచ్చు, రెండూ అనుకోవచ్చు, అది వాళ్ల హక్కు. మూడు దశాబ్దాలు రక్తం పారాక రాసుకున్న వాక్యం అది. అక్కడి మనిషిని మ్యాప్ చూసి ఏమనాలో మీరు తేల్చలేరు. ఆ మనిషినే అడగాలి.

చివరగా, ఆన్‌లైన్ చెస్‌లో చిట్టికి కలిసిన జార్జియా అమ్మాయి సంగతి. అమెరికాలో ఉన్న జార్జియా రాష్ట్రం కాదు కదా? కాకసస్ కొండల దగ్గరి దేశమని రాశావు కాబట్టి చెబుతున్నాను. వాళ్లు తమ దేశాన్ని జార్జియా అనరు, సకార్త్వేలో అంటారు. తమను కార్త్వేలీ అంటారు. రష్యన్‌లో ఆ దేశాన్ని గ్రూజియా అంటారు, ఆ పేరుతో పిలవొద్దని ఆ దేశం చాలా దేశాలను కోరింది. జపాన్ 2015లో తన భాషలో ఆ పేరు మార్చింది కూడా. నువ్వు ఇంగ్లీషులో రాసేటప్పుడు జార్జియన్ అంటే ఆ పిల్ల ఏమీ అనుకోదు. అయినా ఈసారి ఆట మొదలుపెట్టేటప్పుడు 'మీరు కార్త్వేలీలట కదా, నేను సరిగ్గా పలుకుతున్నానా?' అని అడిగి చూడు. హలోకి బదులు వాళ్ల మాటలో 'గామర్జోబా' అను. అది విజయం అన్న మాటలోంచి పుట్టిన పలకరింపు. ఆ పిల్ల ఏమందో నాకు రాయి.

మీ
అమ్మమ్మ