వేపచెట్టు మాడిపోతోందా? అపోహలు - వాస్తవాలు

2021 నుంచి తెలంగాణలో వేపచెట్లు మంట తగిలినట్టు మాడుతుంటే నన్ను అందరూ అడిగేది ఒక్కటే: "చచ్చిపోయినట్టేనా సార్, కొట్టించేయమంటారా?" దయచేసి తొందరపడకండి.

అపోహ: 5జీ టవర్ల వల్లే ఇదంతా.
వాస్తవం: మన దేశంలో 5జీ మొదలైంది 2022 అక్టోబరులో. కొమ్మలు ఎండబెట్టే ఫోమోప్సిస్ శిలీంధ్రాన్ని మైసూరు శాస్త్రవేత్తలు 1997లోనే వర్ణించారు.

అపోహ: చేదు చెట్టు, పురుగు పట్టదు.
వాస్తవం: జీడిమామిడి రైతులకు తెలిసిన టీ దోమ అనే పురుగు వేప లేత చిగుళ్ల రసం కూడా పీలుస్తుంది. గుచ్చినచోట బంక కారుతుంది, చిగురు వాడుతుంది. ఆ గాయాల దగ్గర శిలీంధ్రానికి దారి దొరుకుతుంది. వానాకాలంలో మొదలై చలికాలానికి ముదురుతుంది.

అపోహ: ఆకు ఎండితే చెట్టు పోయినట్టే.
వాస్తవం: ఎండిన రెమ్మ బెరడును గోటితో గీరండి. లోపల గోధుమరంగు ఉంటే ఇంకాస్త కిందికి రండి. పచ్చదనం, తడి ఎక్కడ కనబడితే అక్కడిదాకా ప్రాణం ఉంది. అలాంటివి చాలావరకు ఎండాకాలానికి మళ్లీ చిగురిస్తాయి. ఇంకో తేడా: శిశిరంలో మామూలుగా రాలే ఆకు పసుపుపచ్చగా మారి రాలుతుంది. తెగులు సోకితే ఆకులు మాడి రెమ్మ చివరే వేలాడతాయి.

అపోహ: ఏ వేప ఎండినా ఈ తెగులే.
వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. తెగులైతే చెట్టు చుట్టూ రెమ్మల చివర్లు ఎండుతాయి. ఒకవైపే ఎండుతుంటే, లేదా ఏటేటా పైనుంచి పెద్ద కొమ్మలే పోతుంటే కిందికి చూడండి. నీళ్లు పీల్చే వేళ్లు చాలావరకు పైమట్టిలోనే, కొమ్మల నీడ దాటి కూడా పాకి ఉంటాయి. డ్రైనేజీ కాలువ తవ్వారా? మొదలు దాకా సిమెంటు పోశారా? నిన్నమొన్నటి సంగతి కాదు, నాలుగైదేళ్ల వెనక్కి వెళ్లి అడగండి. పెద్ద చెట్టు దెబ్బ తిన్నాక ఏళ్లు గడిచాకే బయటపడుతుంది. మాను నేల దగ్గర వెడల్పై వేళ్లుగా విచ్చుకోవాలి. స్తంభంలా నిటారుగా మట్టిలోకి దిగిందంటే మొదట్లో మట్టి పోశారన్నమాట. పలుగు వద్దు, చేత్తో మెల్లగా తీయండి. అక్కడ చెక్కలాంటి పుట్టగొడుగులు కనబడితే వేరు కుళ్లు అనుమానించాలి. గాలివానలు రాకముందే నిపుణులకు చూపించండి.

అపోహ: యూరియా వేస్తే కోలుకుంటుంది.
వాస్తవం: లేత చిగురు ఎక్కువగా వస్తుంది. టీ దోమకు కావాల్సిందీ అదే.

అందేంత ఎత్తులో ఎండిన రెమ్మలను పచ్చభాగం వచ్చేదాకా కత్తిరించి కాల్చేయండి. శిలీంధ్రనాశిని వ్యవసాయాధికారిని అడిగే వాడండి. మందు కొట్టిన చెట్టు పుల్లతో పళ్లు తోమొద్దు. విత్తనం ద్వారా కూడా ఈ తెగులు వ్యాపిస్తుంది కాబట్టి నర్సరీకి గింజలు తెగులు లేని చెట్టు నుంచే ఏరండి.