స్క్రీన్ మిణుకుమంటే డిస్‌ప్లే పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో లాప్‌టాప్‌లు రిపేర్ చేస్తుంటాను. ఈమధ్య కూకట్‌పల్లి హాస్టల్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. వేరేచోట ప్యానెల్ (బొమ్మ కనిపించే స్క్రీన్ పలక) మార్పించుకున్నాడట, వారం తిరక్కుండానే స్క్రీన్ మళ్లీ కొట్టుకోవడం మొదలైంది. ఇంటినుంచి పంపిన డబ్బు అంతా దానికే పోయింది, మళ్లీ అడగాలంటే మొహం చెల్లడం లేదన్నాడు. మూత నెమ్మదిగా వెనక్కి వంచి చూశాను. ఒక చోట బొమ్మ వణికింది, ఇంకాస్త వంచితే నిలబడింది. హింజ్ (మూత తిరిగే మడతబందు) దగ్గర స్క్రీన్‌కి వెళ్లే కేబుల్ నలిగింది, అంతే. ప్యానెల్ మొదటినుంచీ బాగానే ఉంది. అతని మొహం చూశాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

అపోహ: స్క్రీన్ మిణుకుమంటే డిస్‌ప్లే మార్చాల్సిందే.

వాస్తవం: బొమ్మను తయారుచేసే గ్రాఫిక్స్ చిప్, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్), హింజ్‌లోంచి వెళ్లే సన్నటి కేబుల్, రెండు చివర్లా కనెక్టర్లు, ప్యానెల్, దాని వెనక ఎల్‌ఈడీ లైటు (బ్యాక్‌లైట్), ఇన్నిటిలో ఎక్కడ తేడా వచ్చినా మన కంటికి కనిపించేది ఒకటే మిణుకు. అందుకే ఎవరొచ్చినా నేను ముందు అడిగేది "ఎప్పుడు వస్తోంది?" అని. మూత కదిపినప్పుడా, చార్జర్ తీసినప్పుడా, ఫలానా యాప్ తెరిచినప్పుడా? దీనికి సరైన జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే. మూత కదిపితే తేడా వస్తుంటే మొదట అనుమానించాల్సింది కేబుల్‌నే, ఎందుకంటే రోజుకి పదిసార్లు తెరిచి మూసినప్పుడల్లా వంగేది అదొక్కటే. ఖరీదైన వాటికీ ఈ బాధ తప్పలేదు. 2016లో వచ్చిన 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో ఆ సన్నటి కేబుల్ అరిగిపోయి బ్యాక్‌లైట్ దెబ్బతింటోందని రిపేర్లు చేసేవాళ్లు బయటపెట్టారు, చివరికి 2019 మేలో ఆపిల్ ఆ మోడల్‌కి ఉచిత సర్వీస్ ప్రకటించింది.

అపోహ: ఫార్మాట్ కొట్టేస్తే పోతుంది.

వాస్తవం: దయచేసి ఆగండి. ఫైనలియర్ ప్రాజెక్టులు, పిల్లల ఫోటోలు ఇలాగే పోగొట్టుకుంటున్నారు. ముందు మెషీన్ ఆన్ చేస్తూనే బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్‌ల స్క్రీన్) వెళ్లి ఒక పది నిమిషాలు అలాగే వదిలేయండి, మధ్యలో మూత కాస్త కదపండి. అక్కడ విండోస్ ఇంకా మొదలే కాలేదు కాబట్టి అక్కడా మిణుకుతుంటే అది దాదాపుగా హార్డ్‌వేర్ సమస్యే, ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా ఫలితం ఉండదు. బయాస్‌లో స్థిరంగా ఉండి విండోస్‌లో మాత్రమే వస్తుంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. మిగతా స్క్రీన్‌తో పాటు అదీ మిణుకుతుంటే డ్రైవర్ మీద అనుమానం, అదొక్కటి కదలకుండా ఉంటే ఏదో ఒక యాప్ పొసగడం లేదని అర్థం. ఇది మైక్రోసాఫ్ట్ చెప్పే పద్ధతే. డ్రైవర్ అయితే విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో రోల్‌బ్యాక్ చేయొచ్చు (అంటే పాత వెర్షన్‌కి వెళ్లొచ్చు), లేదంటే తీసేసి ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో ఉన్నది వేసుకోవచ్చు. అప్‌డేట్ వచ్చిన మర్నాడే సమస్య మొదలైతే నేను ముందు చూసేది ఇదే. మీ ఫైళ్లు ఎక్కడికీ పోవు.

అపోహ: టీవీకి పెడితే బాగానే వస్తోంది, కాబట్టి ప్యానెలే పోయింది.

వాస్తవం: హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలిపి చూడటం మంచి పరీక్షే, కానీ దానితోనే తీర్పు ఇచ్చేయకూడదు. టీవీలో బాగా వస్తోందంటే తప్పు ప్యానెల్‌లో ఉండొచ్చు, హింజ్‌లోని కేబుల్‌లోనూ ఉండొచ్చు, ఆ రెండిటిలో ఏదో అది చెప్పదు. ఇంకో చిక్కు ఉంది. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో సొంత స్క్రీన్ ఒక చిప్ మీద, హెచ్‌డీఎంఐ పోర్టు ఇంకో చిప్ మీద నడుస్తాయి, అప్పుడు టీవీలో బొమ్మ బాగుండటం చూసి మొదటి చిప్ బాగుందని అనుకోలేం. రెండు చోట్లా ఒకేలా మిణుకుతుంటే మాత్రం ప్యానెల్ జోలికి పోనవసరం లేదు, డ్రైవర్, ఆ తర్వాత బోర్డు చూడాలి.

అపోహ: చార్జర్ తీసేస్తేనే వస్తోందంటే బ్యాటరీ వీక్.

వాస్తవం: చాలాసార్లు అది కరెంటు ఆదా చేసే సెట్టింగ్. ఇంటెల్ గ్రాఫిక్స్‌లో ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ అని ఒకటి ఉంటుంది, విండోస్ 11లో కనిపించే దాన్నిబట్టి వెలుతురు మార్చే ఆప్షన్ ఒకటి ఉంటుంది. రెండూ ఆపేసి ఒక రోజు వాడి చూడండి. చార్జర్ పెట్టినప్పుడే వస్తుంటే వేరే ప్లగ్‌లో, కుదిరితే అదే కంపెనీ వేరే చార్జర్‌తో చూడండి. మూడు పిన్నుల ప్లగ్‌కి రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించి ఎర్తింగ్ లేకుండా వాడే గదులు మన ఊళ్లో బోలెడు, అక్కడ బాడీ ముట్టుకుంటే జివ్వుమంటుంది, టచ్‌ప్యాడ్ కూడా పిచ్చిపిచ్చిగా కదులుతుంది. అయితే టచ్‌ప్యాడ్ దగ్గర ఉబ్బెత్తుగా కనిపిస్తే సంగతి వేరు, అది ఉబ్బిన బ్యాటరీ కావచ్చు, వెంటనే చార్జింగ్ ఆపేసి చూపించండి.

అపోహ: ఫోన్ కెమెరాలో స్క్రీన్ మీద గీతలు కనిపిస్తే పాడైనట్టే.

వాస్తవం: కాదు. వెలుతురు తగ్గించడానికి చాలా ప్యానెల్‌లు ఎల్‌ఈడీని వేగంగా ఆర్పి వెలిగిస్తాయి, కన్ను పట్టుకోలేనిది కెమెరా పట్టుకుంటుంది. కొందరికి దానివల్ల తలనొప్పి వస్తుంది, అది నిజమే, వాళ్లు బ్రైట్‌నెస్ పెంచి చూడాలి.

ఇన్నీ చూశాక ప్యానెలే పోయిందని తేలితే, కొత్తది పాతదాని వెనక స్టిక్కర్ మీద నంబర్‌తో సరిపోల్చి తీసుకోండి. 15.6 అంగుళాలని చెబితే సరిపోదు, 30 పిన్నులదీ ఉంటుంది, 40 పిన్నులదీ ఉంటుంది. బ్యాటరీ కనెక్షన్ తీశాకే కేబుల్ ముట్టుకోవాలి, లేకపోతే బోర్డు మీద బ్యాక్‌లైట్ ఫ్యూజ్ కాలిపోయే ప్రమాదం ఉంది. పూర్తిగా బిగించేశాక, డబ్బులు ఇచ్చే ముందు మూతని నాలుగైదు కోణాల్లో వంచి మీ కళ్లముందే చూపించమని అడగండి, పాత ప్యానెల్ కూడా తెచ్చుకోండి.