కంప్రెసివ్ సెన్సింగ్: జియోఫోన్లు తగ్గిస్తే చిత్రం చెడుతుందా?

నేలలోకి ప్రకంపనలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనులను జియోఫోన్లనే చిన్న సెన్సర్లతో పట్టి, భూగర్భం చిత్రం తీస్తారు. ఆ సీస్మిక్ డేటా ప్రాసెసింగ్ నా వృత్తి. తక్కువ చోట్ల కొలిచి, మిగతాది లెక్కతో పూరించే కంప్రెసివ్ సెన్సింగ్ పద్ధతి గురించి తరచూ వినే మాటలివి.

అపోహ: ఇది ఫైలును జిప్ చేయడం లాంటిదే.
పేరు తెచ్చిన తంటా ఇది. జిప్ చేయాలంటే ముందు డేటా అంతా చేతిలో ఉండాలి. ఇక్కడ పొదుపు పొలంలో జియోఫోన్లు పాతేటప్పుడే మొదలవుతుంది. కొన్ని చోట్ల అసలు కొలవరు. ఆ ఖాళీలను తర్వాత కంప్యూటర్ పూరిస్తుంది.

అపోహ: జియోఫోన్ల మధ్య ఎడం పెంచితే చాలు.
ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. నేలను పట్టుకుని పాకే గ్రౌండ్ రోల్ తరంగం వేగం సెకనుకు 300 మీటర్లు, పౌనఃపున్యం 15 హెర్ట్జ్ అనుకుందాం. తరంగదైర్ఘ్యం 20 మీటర్లు. ఒక్కో తరంగదైర్ఘ్యానికి రెండు కొలతలైనా ఉండాలనే నైక్విస్ట్ నియమం ప్రకారం కనీసం 10 మీటర్లకొక జియోఫోన్ కావాలి. 25 మీటర్లకొకటి చొప్పున సమానంగా పెడితే, సినిమాలో బండి చక్రం వెనక్కి తిరిగినట్టు, ఆ తరంగం లేని వాలుతో కనిపిస్తుంది. ఈ దొంగ తరంగం అసలుదానంత నీటుగా ఉంటుంది, అదే చిక్కు. అన్నే జియోఫోన్లను ఎడం మార్చి మార్చి పెడితే ఆ దొంగ శక్తి చెల్లాచెదురై పలచని రొదగా మారుతుంది. అసలు తరంగాలను కర్వ్‌లెట్ అనే చిన్న వంపు తరంగ ముక్కల వంటి రూపంలో కొద్దిపాటి అంకెలతోనే చెప్పవచ్చు కాబట్టి, రొదలోంచి వాటిని ఏరుకోవచ్చు.

అపోహ: అయితే ఎక్కడ పడితే అక్కడ పెట్టవచ్చు.
చీటీలు తీసినట్టు పెడితే ఒకచోట గుంపు, ఒకచోట పెద్ద ఖాళీ. మరీ పెద్ద ఖాళీని ఏ లెక్కా పూరించలేదు. అందుకే లైనును సమాన గడులుగా విడగొట్టి, గడికొక జియోఫోన్‌ను అందులో ఎక్కడో ఒకచోట పెడతారు. ఈ జిట్టర్ పద్ధతిని హెనెన్‌ఫెంట్, హెర్మన్ 2008లో వివరించారు. పెట్టిన చోటు మాత్రం కచ్చితంగా నమోదు కావాలి. ఒకసారి మాకొచ్చిన డేటాలో బావి అడ్డొచ్చి పక్కకు జరిపిన జియోఫోన్లకు ప్లానులోని పాత స్థానాలే రాసి ఉన్నాయి. లెక్క పూర్తయింది, చిత్రం అలుక్కుపోయింది. తప్పు కోసం వారం రోజులు ప్రోగ్రాములో వెతికాను!

అపోహ: ఇది 2006లో పుట్టిన విద్య.
డోనోహో, కాందేస్, రాంబర్గ్, టావ్‌ల సిద్ధాంత పత్రాలు ఆ ఏడాదివే. కానీ అందులో వాడే ఎల్1 కొలతను (అంకెలను ప్లస్, మైనస్ గుర్తులు వదిలేసి కూడటం) క్లార్‌బౌట్, ముయిర్ 1973లోనే భూభౌతిక డేటాకు వాడారు.

అపోహ: ఖర్చు ఎలాగూ తగ్గుతుంది.
పొలంలో తగ్గిన భారం కొంత కంప్యూటర్ మీద పడుతుంది. పరికరాలు తగ్గించకుండా, అన్నిటితోనే మరింత సూక్ష్మమైన చిత్రం తీసుకునేవారూ ఉన్నారు. నా ఓటు వారికే. కొలతలు మరీ తగ్గించినప్పుడు ముందుగా మాయమయ్యేవి బలహీనమైన ప్రతిధ్వనులు. సన్నని చమురు పొర ఆనవాలు వాటిలోనే ఉండవచ్చు.