మింగిన స్టెరాయిడ్ కాలేయంలో చేసే పని

కండల కోసం స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్ల లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చూస్తే ఒక్కోసారి రిపోర్టు తారుమారైందేమో అనిపిస్తుంది. మనిషికి పొట్ట ఉండదు, ఒళ్లు ఉక్కులా ఉంటుంది. మంచి కొలెస్టరాల్ అనే హెచ్‌డీఎల్ మాత్రం 20 దగ్గర కొట్టుకుంటూ ఉంటుంది. మగవాళ్లలో 40 కంటే తగ్గితేనే తక్కువ కింద లెక్క.

ఇది కాలేయంలో జరిగే పని. అక్కడ హెపాటిక్ లైపేజ్ అనే ఎంజైము హెచ్‌డీఎల్ కణాల్లోని కొవ్వును విడగొట్టి వాటిని చిక్కిపోయేలా చేస్తుంది. అలా చిక్కినవి రక్తంలో ఎక్కువకాలం నిలవవు. పురుష హార్మోన్లు, వాటి తరహావే అయిన ఈ స్టెరాయిడ్లు ఈ ఎంజైమును పెంచుతాయి, స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజన్ తగ్గిస్తుంది. చిన్నతనంలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ హెచ్‌డీఎల్ ఇంచుమించు ఒకటే. గొంతు మారే వయసులో మగపిల్లలకు అది పడిపోతుంది. ఈస్ట్రోజన్ చెడు కొలెస్టరాల్ అనే ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాక్కునే గ్రాహకాలను కూడా కాలేయంలో పెంచుతుంది. మెనోపాజ్ తర్వాత ఎల్‌డీఎల్ పెరగడానికి ఇదొక కారణం.

అయితే స్టెరాయిడ్లన్నీ ఒక్క తీరువి కావు. 1989లో అచ్చయిన ఒక అధ్యయనంలో 11 మంది వెయిట్‌లిఫ్టర్లకు ఆరు వారాలు రోజూ 6 మిల్లీగ్రాముల స్టానోజొలాల్ మాత్రలు, మరో ఆరు వారాలు వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ ఇచ్చారు. మాత్రతో హెచ్‌డీఎల్ 33 శాతం పడిపోయింది, ఎల్‌డీఎల్ 29 శాతం పెరిగింది. ఇంజెక్షన్‌తో హెచ్‌డీఎల్ 9 శాతమే తగ్గింది. ఎల్‌డీఎల్ అయితే పెరక్కపోగా 16 శాతం తగ్గింది!

మింగినది పేగుల నుంచి నేరుగా కాలేయానికే చేరుతుంది. అక్కడ విరిగిపోకుండా ఉండాలని ఈ మాత్రల అణువులో 17వ కార్బన్ దగ్గర ఒక మిథైల్ గుంపును తగిలిస్తారు. దాంతో కాలేయం మీద దెబ్బ గట్టిగానే పడుతుంది. హెపాటిక్ లైపేజ్ చురుకుదనం స్టానోజొలాల్‌తో రెట్టింపు దాటింది, టెస్టోస్టిరాన్‌తో పెరిగింది పావువంతే. పైగా టెస్టోస్టిరాన్‌లో కొంత శరీరంలోనే ఈస్ట్రోజన్‌గా మారి నష్టాన్ని కొంత పూడుస్తుంది. స్టానోజొలాల్ అలా మారదు. రొమ్ములు పెరుగుతాయన్న భయంతో ఆ మార్పును ఆపే మందులు కూడా వేసుకునేవాళ్లు చేతికందిన కాస్త రక్షణనూ వదులుకుంటున్నట్టే. ఇంజెక్షన్ సురక్షితమని మాత్రం ఎవరూ అనుకోవద్దు: జిమ్‌లలో మోతాదులు అధ్యయనాల మోతాదుకు ఎన్నో రెట్లు ఉంటాయి, గుండె కండరం మందమెక్కడం, రక్తం చిక్కబడడం కొలెస్టరాల్ రిపోర్టులో కనిపించవు.

మందు మానేస్తే హెచ్‌డీఎల్ కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో మళ్లీ కోలుకుంటుంది. ఈలోగా ధమనుల్లో పేరుకున్న కొవ్వు మాత్రం దాంతోపాటే కరిగిపోదు.

మరి ఈస్ట్రోజన్ అంత మంచిదైతే మగవాళ్లకే ఇస్తే? అదీ చూశారు. 1966లో అమెరికాలో మొదలైన కరోనరీ డ్రగ్ ప్రాజెక్ట్‌లో గుండెపోటు వచ్చిన మగవాళ్లకు ఈస్ట్రోజన్ మాత్రలిచ్చారు. 5 మిల్లీగ్రాముల మోతాదును 1970లోనే ఆపేయాల్సి వచ్చింది. గుండెపోట్లు, రక్తం గడ్డకట్టడం తగ్గకపోగా పెరిగాయి. ఇక్కడా కాలేయమే. మింగిన ఈస్ట్రోజన్ ఎల్‌డీఎల్‌ను తగ్గిస్తూనే ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులనూ, రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లనూ పెంచుతుంది. చర్మానికి అంటించే ప్యాచ్‌తో ఈ రెండూ అంతగా పెరగవు, ఎల్‌డీఎల్ తగ్గుదల కూడా తక్కువే.