తట్ట దించే ముందు

చిరంజీవులు పిల్లలందరికీ తాతయ్య దీవెనలు.

"మన తోట బంగినపల్లి పండ్లకి గూగుల్‌లో యాడ్ ఇస్తానంది అమ్మ. ఇచ్చెయ్యొచ్చుగా తాతయ్యా! రెండ్రోజులుగా ఆ అంకెల పట్టికలే చూస్తోందెందుకు?" అని మన చిన్నది ఫోన్లో అడిగింది. ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతాది రాస్తున్నాను.

నాకు పదేళ్లప్పుడు మా నాన్న రసాలు బండికెత్తి పొరుగూరి సంతకు తోలుకెళ్లారు. వెంట నేనూ వెళ్లాను. తేనెలాంటి పండ్లు. కానీ ఆ వారం సంతకొచ్చిన వాళ్లంతా ఆవకాయ కాయ కోసం వచ్చారు. పండు ఊసెత్తినవాళ్లు లేరు. చీకటి పడ్డాక నిండు బండితోనే ఇంటికొచ్చాం. దారి పొడవునా నాన్న ఒక్క మాట మాట్లాడలేదు.

మరుసటి ఏడు ఆయన వారం ముందే ఉత్త చేతులతో సంతకెళ్లారు. చింతచెట్టు కింద నిలబడి, ఎవరేం కొంటున్నారని కాదు, ఎవరేం అడుగుతున్నారని విన్నారు. పండు అడిగినవాళ్లకు ఒక జేబులో, పచ్చడికాయ అడిగినవాళ్లకు ఇంకో జేబులో చింతగింజలు వెయ్యడం నా పని.

అమ్మ చూస్తున్నది ఆ చింతగింజల లెక్కే. మనం ఎంచుకున్న మాటను ఎవరైనా గూగుల్‌లో వెతికినప్పుడు మన యాడ్ కనిపిస్తుంది, అందుకే ఏ మాటను ఎంతమంది వెతుకుతున్నారో ముందే తెలియాలి. కీవర్డ్ ప్లానర్ అని గూగుల్ వాళ్లదే ఒకటుంది. ఒక మాటను జనం నెలకు సగటున ఎన్నిసార్లు వెతికారో చెబుతుంది, ఎవరు వెతికారో చెప్పదు. ఇంకా యాడ్‌లకు డబ్బు పెట్టని ఖాతాలకు వెయ్యి నుంచి పదివేల మధ్య అని గంపగుత్తగా చెబుతుంది.

సగటు దగ్గర జాగ్రత్త. మేలో 12,000 సార్లు అడిగి, తక్కిన పదకొండు నెలలూ ఎవరూ అడగకపోయినా సగటు నెలకు 1,000 అనే వస్తుంది. దాన్ని నమ్మి నవంబర్లో సంతకెళితే ఎవరుంటారు? అందుకే అమ్మ ఏ నెలకా నెల విడిగా చూస్తోంది.

మాట కూడా ముఖ్యం. మనం బంగినపల్లి అంటాం. హైదరాబాద్‌లో చాలామంది అదే పండును బేనిషాన్ అంటారు, ఢిల్లీలో సఫేదా అంటారు. కొనేవాడి నోట్లో ఏ మాటుందో ఆ మాటతోనే పిలవాలి. మన మాటే గొప్పదని పట్టుబట్టకూడదు నాన్నా.

పైగా బనగానపల్లె నంద్యాల జిల్లాలో ఒక ఊరు. ఆ ఊరి కోసం వెతికేవాళ్లు కూడా లెక్కలో కలవొచ్చు, ఆ ఊరికి బస్సు వెతికేవాళ్లకూ మన యాడ్ కనిపించొచ్చు. మా సంతలో తట్టకి ఒకే ఆశీలు, అంటే సంత రుసుము, కట్టేవాళ్లం. ఈ సంతలో మన యాడ్ నొక్కిన ప్రతి మనిషికీ ఆశీలు కట్టాలి, అతను కొన్నా కొనకపోయినా. బస్సు కోసం వచ్చినవాడికి మనమెందుకు కట్టాలి? అందుకని "బస్సు" అన్న మాట ఉంటే మా యాడ్ చూపించొద్దని ముందే చెప్పుకోవచ్చు. దాన్ని నెగటివ్ కీవర్డ్ అంటారు. గేటు పక్క చోటుకి పోటీ ఎక్కువైతే ఆశీలు పెరిగినట్టు, పోటీపడే మాటకు ధర కూడా ఎక్కువ. పేజీ పైభాగంలో కనిపించాలంటే ఒక్కో నొక్కుకు సుమారు ఎంత వేలం పాడాల్సి వస్తుందో ఆ పట్టికలోనే ఉంటుంది.

ఈ ఆదివారం అమ్మ పక్కన కూర్చుని గూగుల్ ట్రెండ్స్ తెరవండి. దానికి డబ్బు కట్టక్కర్లేదు. అందులో చింతగింజల లెక్క ఉండదు. ఎక్కువగా వెతికిన రోజుల్ని 100 అనుకుని, మిగతా రోజుల్ని దానితో పోల్చి గీత గీస్తుంది. మ్యాంగో అని ఇంగ్లీషులో కొట్టి, ఇండియా, ఐదేళ్లు ఎంచుకోండి. ఏటా వేసవికి ఆ గీత గుట్టలా లేస్తుంది. ఒకరికొకరు తెలియని అంతమందికి ఒకేసారి మామిడిపండు మీదికి మనసు పోతుంది! నేను చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత బంగినపల్లి, బేనిషాన్ రెండూ పక్కపక్కన పెట్టి, ఒకసారి తెలంగాణ, ఒకసారి ఆంధ్రప్రదేశ్ ఎంచి చూడండి. ఏది ఎక్కడ పైన ఉందో నాకు రాయండి.

మీ తాతయ్య