స్లాబ్ మీద మడి

పిల్లలూ,

హన్మకొండలో మీ కొత్తింటి స్లాబ్ పోసిన మర్నాడే మేస్త్రీ దాని మీద చిన్న చిన్న ఒడ్లు కట్టి నీళ్లు నింపాడట కదా. “తాతా, గట్టిపడాలంటే ఆరాలి గదా, మళ్లెందుకు తడుపుతున్నరు?” అని అడిగారు.

సిమెంటు ఆరి గట్టిపడదు బిడ్డా, నీళ్లు తాగి గట్టిపడుతుంది. తాగిన నీళ్లలో చాలావరకు అందులోనే ఉండిపోయి రాయిలో భాగమవుతాయి. ఆలోచిస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే!

కొత్త స్లాబ్ అంటే నాటు వేసిన వరి మడే అనుకోండి. నాటిన కొత్తలో మడి ఎండితే నారు వేరు పట్టదు, తర్వాత ఎన్ని నీళ్లు పెట్టినా ఏపుగా రాదు. స్లాబుకూ మొదటి రోజులే ప్రాణం. మడిలో నీరెక్కని మెరక ఉన్నట్టే దీనికి అంచులు, బీముల పక్కలు ఉంటాయి. అక్కడ గోనె సంచులు కప్పి తడుపుతూ ఉండాలి.

మా మడి చెరువు తూము కింద ఉండేది. నాయిన నన్ను ఒడ్డు మీద కాపలా పెట్టేవాడు. ఎండ్రికాయ బొక్క కనబడితే మట్టిముద్ద పెట్టి కాలితో తొక్కాలి. ఒకటి మూస్తే పక్కన ఇంకోటి బుడబుడమనేది. పిల్లల పనే, కానీ నేను ఏమరిస్తే తెల్లారేసరికి మడి ఖాళీ. స్లాబుకు నీళ్లు పట్టడాన్నీ అలాగే చిన్నపని అనుకోకండి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. వరంగల్ ఎండ 43, 44 డిగ్రీలకు చేరి వడగాలి కొడితే, సిమెంటు తాగేలోపే పైతడి ఎగిరిపోతుంది. పోసిన కొన్ని గంటల్లోనే సన్నని పగుళ్లు వస్తాయి. అందుకే ఎండాకాలంలో చల్లపూట పోయాలి. పని సులువవుతుందని కాంక్రీటులోనే నీళ్లు ఎక్కువ కలిపితే మాత్రం స్లాబ్ బలం తగ్గుతుంది.

మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఇలాంటి ఎండల్లో కనీసం 10 రోజులు తడి ఆరకూడదని కాంక్రీటు పనులకు మన దేశం పెట్టుకున్న ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే బూడిద కలిపిన పీపీసీ సిమెంటుకైతే 14 రోజులు మంచిది. మీ నాన్నకు ఈ మాట గట్టిగా చెప్పండి.

ఒడ్లు కారుతున్నాయేమో రోజూ పొద్దున చూడండి. పిట్టగోడ ఇంకా లేదు, పెద్దవాళ్లతోనే పైకెక్కండి. ఈసారి మాలు కలిపినప్పుడు మేస్త్రీనడిగి రెండు ముద్దలు చేయించుకోండి. మర్నాడు ఒకటి నీళ్ల బకెట్లో, ఇంకోటి ఎండలో పెట్టండి. రెండు వారాలయ్యాక మేకుతో గీకి, ఏది ఎక్కువ రాలిందో నాకు రాయండి.

మీ తాతయ్య